కామా వదలని రేవు

నది మట్టాల కార్యాలయంలో నిమియా ఒక్కతే మిగిలింది. రేవుల్లో మట్టం చూసేవాళ్లు రోజూ సాయంత్రం ఫోన్‌లో ఒక వాక్యం పంపుతారు. అందులోంచి అంకెను ఏరి పట్టికలో వేసేది ప్రోగ్రామ్. దానికి మీటర్లను 3.10 అని చుక్క పెట్టి రాస్తేనే తెలుస్తుంది. పరగ్వేలో దశాంశానికి చేతి అలవాటు కామా. కసురుకోగా కసురుకోగా అందరూ చుక్కకు మారారు. ఎందుకైనా మంచిదని నిమియా ఈ రాత్రి ఏరే సూత్రంలో కామాను కూడా చేర్చి, పాత వాక్యాలన్నిటి మీదా నడిపింది.

పట్టికలో కొత్తగా సౌసాల్ రేవు తేలింది. ఆరేళ్లుగా ఒక్క సాయంత్రం తప్పలేదు. 3,10. 3,85. 4,60. కరువుకు మిగతా రేవులన్నీ దిగిపోతుంటే ఇదొక్కటే పెరుగుతోంది.

రేవులన్నీ ఎరిగిన పాత ఉద్యోగి, పెద్దాయన అనస్తాసియోకు ఫోన్ చేసింది. "దోన్ అనస్తాసియో గారూ, సౌసాల్‌లో ఎవరున్నారు?"

"ఎవరుంటారే అమ్మాయీ? ఆరేళ్ల కింద వరదకి కొలబద్దతో సహా కొట్టుకుపోయిందిగా. పాపం, అక్కడ మట్టం చూసే ఎలాదియో కూడా పోయాడు. చుక్క పెట్టరా అంటే చచ్చినా వినేవాడు కాదు, మొండి ముసలాడు! ఏం, ఎందుకు?"

"ఊరికే," అని పెట్టేసింది.

బయట నది ఎండి, అరకిలోమీటరు అవతలికి జరిగిపోయి ఉంది. చప్పుడే లేదు. తెర మీద సౌసాల్ నుంచి ఈ పూట వాక్యం వచ్చింది.

"ఇన్నాళ్లకి చూశావమ్మా, సంతోషం. మీ గుమ్మం దగ్గర 0,05."

తలుపు కింద ఏదో మెల్లగా తాకి వెనక్కి వెళ్లింది. మళ్లీ తాకింది.

నిమియా కాళ్లు రెండూ కుర్చీ మీదికి తీసుకుంది.