కండ పీకే విద్య

“క్లచ్ ఎడమకాలితో నొక్కాలండీ.”

“ఎడమంటే ఏ వైపు మాస్టారూ?”

డ్రైవింగ్ మాస్టారి నాలుక చివరిదాకా ఓ మాట వచ్చి, పళ్ళకి తగిలి ఆగిపోయింది. “మీరు గడియారం పెట్టుకున్న చెయ్యి వైపండీ,” అన్నాడు తేనె పూసినట్టు.

ఆ తేనె ఊరికే రాలేదు. కిందటి వారం ఓ అమ్మాయి బండిని గోడకి గుద్దితే, “తల్లీ, మీ ఇంట్లో ఇళ్ళు కట్టేవాళ్ళెవరైనా ఉన్నారా? పడగొట్టే కాంట్రాక్టు నువ్వు తీసుకున్నట్టున్నావు,” అన్నాడు. ఆ పిల్ల ఏడుస్తూ వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఓనరు పిలిచి, “ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, తాళాలిచ్చేసి ఇంటికెళ్ళండి,” అన్నాడు. తన నోటి చలవతో ఊళ్ళో ఉన్న మిగతా డ్రైవింగ్ స్కూళ్ళన్నిట్లోంచీ అప్పటికే గెంటించుకున్నాడు. “మీ నోరు మూతపడితేనే మన పొయ్యి వెలిగేది,” అని ఇంటావిడ పొద్దున్నే కాఫీతో పాటు ఆ ముక్కా పోసింది.

బండి కప్పలా గెంతి, పాలవ్యాను వెనక సరిగ్గా జానెడు దూరంలో ఆగింది.

“బాగా తోలానా?” అడిగింది అరవై దాటిన ఆ కొత్త శిష్యురాలు.

“బ్రహ్మాండంగా తోలారండీ.”

“వెటకారమా?”

“అయ్యో, ఎంతమాట!”

“ఎందుకడిగానంటే, ఇంగ్లీషువాళ్ళు సర్కాజం అంటారే, ఆ మాట గ్రీకులోంచి వచ్చిందట. కుక్కలు కండ పీకినట్టు పీకడమట అసలు అర్థం. మనవాళ్ళేమో వెటకారం, ఎకసెక్కం అని ముద్దుగా పిలుచుకుంటున్నారు. పీకించుకున్నవాడికి ఏ భాషైనా నొప్పి ఒకటే కదా మాస్టారూ?”

చదువుకున్నవాళ్ళతో ఇదే తంటా, అనుకున్నాడు. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టిన తనకి మాటల పుట్టుక తెలీదు. ఏ మాట ఎక్కడ తగుల్తుందో మాత్రం తెలుసు. ఉన్న ఆస్తల్లా అదే. ఇవాళ దానికీ తాళం పడింది.

ఆవిడ మలుపు తిరగడానికి సిగ్నలు వెయ్యబోయి వైపర్లు వేసింది. ముందుకి వెళ్ళమంటే వెనక్కి వెళ్ళి చెత్తకుండీని పలకరించబోయింది. తన వైపున్న బ్రేకు తొక్కీ తొక్కీ మాస్టారి పిక్క పట్టేసింది. అయినా, “పరవాలేదండీ, అలవాటవుతుంది,” అంటూనే ఉన్నాడు.

చివరికి బండిని స్కూలు గుమ్మానికి అడ్డంగా, చక్రం మెట్టెక్కించి మరీ నిలిపింది.

“సరిగ్గా పెట్టానా?”

“పెట్టడమేంటమ్మా, పారబోశారు!” కట్ట తెగింది. “మీరీ బండిని పీకిన పీకుడు చూస్తే ఆ గ్రీకు కుక్కలే తోక ముడుస్తాయి! ఈ జన్మకి తోపుడుబండి చాలు మీకు. దానికెలాగూ బ్రేకులుండవు, మీకెలాగూ అక్కర్లేదు!”

ఆవిడ హాయిగా నవ్వి, లోపల ఓనరుతో ఓ మాట చెప్పి వెళ్ళిపోయింది.

ఓనరు తాళాల కోసం చెయ్యి చాచాడు.

“మీరే న్యాయం చెప్పండి సార్!” తాళాలు ఆ చేతిలో పెడుతూ అన్నాడు మాస్టారు. “ఆ దేవుడే దిగొచ్చి పక్కసీట్లో కూర్చున్నా ఆవిడకి బండి రాదు. అలాంటావిడ మాట పట్టుకుని నా పొట్ట కొడతారా?”

ఓనరు తాళాలు సొరుగులో వేసుకున్నాడు.

“నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే.”