పసుపు లేబుల్

పునీత్ ఆఫీసు కలర్ ప్రింటర్ మీద దొంగ లేబుల్ అచ్చేసుకున్నాడు. నాలుగుసార్లు నీలం రంగు సరిగ్గా పడలేదు. ఐదోసారి కుదిరింది. అరచేతిలో ఇమిడే గుండ్రటి కాగితం. దాన్ని పనికిరాని గ్రామఫోన్ రికార్డు ఒకదాని మీద అంటిస్తే చాలు, ఇరవై నాలుగు వేల రియాళ్ల సరుకు చేతికొస్తుంది.

ఆ సరుకు సీతారామయ్యగారిది. అల్ ఖోబర్‌లో పునీత్ ఉండే బిల్డింగ్‌లోనే పై అంతస్తులో ఉంటారాయన. పాతికేళ్ల కిందట ఒక అమెరికన్ ఇంజనీరు దేశం వదిలి పోతూ ఆయనకిచ్చిన, నల్లజాతి గాయకుల సోల్ పాటల రికార్డు అది. అరవైల్లో డెట్రాయిట్‌లో పాడిన గాయకుడి పేరు ఎవరికీ గుర్తులేదు. అచ్చేసిన కంపెనీ ఆ ఏడే మునిగింది. ఓ వంద కాపీలు మిగిలాయేమో, వాటికోసం ఇంగ్లండ్‌లో బట్టతల పెద్దమనుషులు కొట్టుకు చస్తున్నారు.

పునీత్ పాటలు వినడు, ధరలు చూస్తాడు. ఇంటర్నెట్‌లో వెతికి, సీతారామయ్యగారి రికార్డుల్లో దేనికెంత పలుకుతుందో ఫోన్‌లో రాసిపెట్టుకున్నాడు.

ఉద్యోగాలు ముందు సౌదీలకే అనే నితాకాత్ చట్టం పుణ్యమా అని సీతారామయ్యగారి కుర్చీ ఒక సౌదీ ఇంజనీరుకి వెళ్లింది. ఇక దేశం వదిలి పొమ్మని ఆయనకి ఫైనల్ ఎగ్జిట్ పడింది. పునీత్ కుర్చీ అలాగే ఉంది గానీ నెత్తిమీద లెవీ అనే కుటుంబ పన్ను పడింది. భార్య చరితకీ ఇద్దరు పిల్లలకీ తలకి నెలకి రెండొందల చొప్పున, ఏడాదిది ఒకేసారి కట్టాలి. కట్టకపోతే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డులు రెన్యూ కావు, ముగ్గురినీ విమానం ఎక్కించాలి. బిల్డింగ్‌లో ఖాళీ చేసే వాళ్లందరూ సామాన్లకి ధర చీటీలు అంటించడం చూసి, కూతురు కావ్య తన బొమ్మలకి కూడా చీటీలు అంటించేసుకుంది. అది చూసిన రోజు పునీత్‌కి అన్నం సహించలేదు.

బుధవారం సీతారామయ్యగారు పిలిచి రికార్డుల డబ్బా, పాత ప్లేయరు ముందు పెట్టారు.

"ఆ నీలం లేబుల్‌ది ఒక్కటీ నా చేతిసంచిలో పెట్టుకుంటాను. తక్కినవన్నీ నీవే అబ్బాయ్."

"నాకెందుకండీ బాబాయిగారూ?"

"వినడానికి. ఇదిగో, ఈ పసుపు లేబుల్‌ది ముందు విను."

వీడ్కోలు కాఫీ తాగుతూ ఆయన పాత ముచ్చట ఒకటి చెప్పారు. ఇంగ్లండ్ డీజేలు అరుదైన రికార్డు దొరికితే, పక్కవాడికి పేరు తెలియకుండా దానిమీద వేరే లేబుల్ అంటించి వాయించేవారట. పునీత్ నవ్వాడు. నవ్వుతూనే నీలం లేబుల్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.

శుక్రవారం ఉదయం "ఒక్కసారి విని ఇస్తాను" అని నీలం రికార్డు కిందికి తెచ్చుకున్నాడు. ఇక బలివ్వడానికి డబ్బాలోంచి ఒక రికార్డు కావాలి. జాబితా చూశాడు. ఒకటి నలభై రియాళ్లు, ఇంకొకటి వంద. నలభై రియాళ్లది పాడుచేయడానికి కూడా ప్రాణం ఒప్పలేదు. పసుపు లేబుల్‌ది మాత్రం ఎంత వెతికినా ఎక్కడా ధరే లేదు. దానిమీదే ఫెవికాల్ గట్టిగా పట్టించి నీలం కాగితం అంటించాడు. ప్లేయరు మూలన అలాగే ఉంది.

సాయంత్రం టీ వేళకి ఆ దొంగ రికార్డుని పైకి తీసుకెళ్లి ఇచ్చాడు. ఆయన భార్య బాలామణిగారు వంటింట్లో గిన్నెలు సర్దుతున్నారు.

"విన్నావా?" అన్నారు సీతారామయ్యగారు.

"విన్నానండి. ఏం గొంతు."

"మరి పసుపుది?"

అబద్ధానికి అబద్ధం తోడు కావాలి కదా. "అది ఇంకా బాగుందండి బాబాయిగారూ."

ఆయన అతన్ని ఎగాదిగా చూశారు. పునీత్ తలుపు వంక చూశాడు.

"తెలిసిపోయిందన్నమాట," అన్నారాయన గొంతు తగ్గించి. "సరేలే. పిన్నితో అనకు."

ఏం తెలిసిందో పునీత్‌కి అర్థం కాలేదు. ఆయన మాత్రం రికార్డు వంక చూడకుండానే చేతిసంచిలో పెట్టేసుకున్నారు. అతనికి కావలసింది అంతే.

ఆదివారం దంపతులిద్దరినీ దమ్మాం ఎయిర్‌పోర్టులో దింపి, తిరుగు దారిలోనే కొరియర్ ఆఫీసుకి వెళ్లి నీలం రికార్డు ఇంగ్లండ్‌లో బేరం కుదిరిన ఆసామికి పంపాడు. ఇంటికొచ్చి చరితతో "లెవీ సంగతి నాకొదిలెయ్" అన్నాడు. ఆమె కావ్య బొమ్మల మీది చీటీలన్నీ పీకేసింది. ఆ వారం ఇల్లు ఇల్లులా ఉంది.

తొమ్మిదో రోజున ఆ ఆసామి నుంచి మెయిల్ వచ్చింది. 'ఇది నిరుడు అచ్చేసిన నకలు. లేబుల్ కూడా పాతదానిలాగే వేస్తారు, మోసపోయినట్టున్నారు. పది పౌండ్లు ఇవ్వగలను.'

పునీత్‌కి ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ నకలు చూపించి బడాయిలు పోయాడా ముసలాయన? నమ్మినవాణ్ని ఇంత దగా చేస్తాడా? తను చేసింది ఏమిటన్నది ఆ క్షణాన గుర్తుకే రాలేదు. లోపల చరిత పిల్లల స్కూలు టీసీల గురించి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది.

అప్పుడే కాకినాడ నుంచి సీతారామయ్యగారి వాయిస్ మెసేజ్ వచ్చింది. తిట్టడానికి మాటలు వెతుక్కుంటూనే నొక్కాడు.

"అబ్బాయ్, లెవీ కట్టేశావా? చేతికిస్తే పుచ్చుకోవని అసలు రికార్డుకి పసుపు లేబుల్ అంటించి నీ డబ్బాలో పెట్టాను. వినగానే కనిపెట్టేశావు, గట్టివాడివే. నాకు ఈమధ్య తెప్పించుకున్న నీలం లేబుల్ కొత్త కాపీ చాలు, పాట అదేగా. విచిత్రం ఏమిటంటే, ఇక్కడ ప్లేయర్ మీద పెడితే నా నకలు అచ్చం అసలుదానిలాగే మోగుతోంది."