ఇవాళ తేలిపోవాలి

సాయంత్రంలోగా ఏదో ఒకటి తేలకపోతే రేపటి నుంచి రానక్కర్లేదని మేనేజర్ రాజశ్రీ పొద్దున్నే మొహం మీద చెప్పేసింది.

అనిల్‌కుమార్‌కి అందులో తప్పేమీ కనిపించలేదు. భిలాయి జీఈ రోడ్డు మీదున్న ఆ పికప్ బళ్ల షోరూమ్‌కి పది రోజులుగా ఠంచనుగా తొమ్మిదిన్నరకే వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో టిఫిన్ బాక్సు. అతని చేతి మీదుగా పది రోజుల్లో ఒక్క బండి కదిలిందా అంటే, లేదు. షోరూమ్ టీ మాత్రం రోజుకి నాలుగు కప్పులు ఖాళీ అవుతోంది.

ఇంట్లో భార్య సుచిత్ర కూడా బాక్సు అందిస్తూ, “ఇవాళైనా అవుతుందా, లేకపోతే మా అన్నయ్యని రమ్మననా?” అని అడిగింది. ఆ బావగారు వస్తే తనని నోరెత్తనివ్వడని తెలుసు కాబట్టి అనిల్‌కుమార్ గబగబా మెట్లు దిగేశాడు.

పదకొండింటికి ఒక పెద్ద పికప్ వచ్చి, రెండు బళ్ల చోటు ఆక్రమించుకుని ఆగింది. పోలయ్య, అప్పయమ్మ దిగారు. క్యాంప్ వన్ పేటలో వాళ్లకి టెంట్ హౌస్ ఉందని బండి మీదే రాసి ఉంది. పెళ్లిళ్లకి, పదో రోజులకి కుర్చీలు, గుండిగలు, షామియానాలు అద్దెకిస్తారు. దిగేటప్పటికే ఇద్దరూ దెబ్బలాటలో ఉన్నారు.

అప్పయమ్మ తిన్నగా అనిల్‌కుమార్ దగ్గరికొచ్చింది. అతను మధ్యరకం పికప్ మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు.

“బాబూ, మా పెద్ద బండి ఇచ్చీసి ఈ బండి తీసుకుంటే ఎలగుంటాది? నువ్వు చెప్పు. ఈయనకి నా మాట చెవికెక్కదు.”

“కూర్చోండి పిన్నీ,” అని కుర్చీలు లాగాడు. నీళ్లు తెచ్చిచ్చాడు. కౌంటర్ దగ్గర కూర్చున్న సేల్స్‌మన్ సురేశ్ ఫోనులోంచి తల ఎత్తలేదు. అతను ఎప్పుడూ అంతే.

“ఈడేటి చెప్తాడే? అమ్ముకునీవోడు కొనమనే చెప్తాడు,” అన్నాడు పోలయ్య.

“కొనొద్దు బాబాయ్,” అన్నాడు అనిల్‌కుమార్.

పోలయ్య తాగుతున్న నీళ్లు ఆపాడు.

“పెద్దదాని డాలా, అదే వెనక తొట్టి, పొడవు పది అడుగులు. దీనిది ఎనిమిదిన్నర. మీ షామియానా గుంజలు పన్నెండు అడుగులుంటాయి. ఇప్పుడు రెండడుగులు బయటికొస్తున్నాయి, దీంట్లో మూడున్నర వస్తాయి. ట్రాఫిక్ పోలీసు ఆపుతాడు. పెద్ద పెళ్లయితే ఒక ట్రిప్పు కాస్తా రెండవుతుంది.”

మెట్రిక్ పాసైనవాడిలా పోలయ్య భార్య వంక చూశాడు.

“అలాగని పెద్దదే ఉంచుకోమనీ చెప్పను. దీనికి డీజిల్ తక్కువ. క్యాంప్ గల్లీ మలుపులో ఒక్కసారికే తిరుగుతుంది. పెద్దదాన్ని రివర్స్ చెయ్యాలంటే గల్లీ గల్లీ అంతా లేచి చేతులూపాలి.”

ఈసారి అప్పయమ్మ పాసైంది.

గంట గడిచింది. అనిల్‌కుమార్ జేబులోంచి టేపు తీసి డాలా కొలిచి చూపించాడు. చక్రాల కింద దూరి కమాను పట్టీలు లెక్కపెట్టించాడు. ఈ వైపు రెండు మాటలు చెబితే, ఆ వైపు రెండు చెప్పాడు. నిద్రలో కూడా ఇవే అంకెలు పలుకుతున్నాడని సుచిత్ర గొడవ. అద్దాల కేబిన్‌లో రాజశ్రీ నుదురు పట్టుకుని కూర్చుంది.

“అది కాదు బాబూ,” అని పోలయ్య అసలు సంగతి బయటపెట్టాడు. “నన్నందరూ పెద్దబండి పోలయ్య అంటారు. రేపొద్దున్న ఏటంటారు?”

“ఉత్త పోలయ్య అంటారు. మీ అమ్మ పెట్టిన పేరే,” అంది అప్పయమ్మ.

అనిల్‌కుమార్ నవ్వలేదు. ఆ బాధ అతనికి బాగా తెలిసినట్టే తల ఊపాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

“బాబాయ్, పెద్ద బండి మరీ సన్న గల్లీల్లోకి పోదు కదా. రోడ్డు మీద ఆపేశాక గుండిగలు ఇళ్లదాకా ఎవరు మోస్తారు?”

పోలయ్య షోరూమ్ సీలింగు వంక చూశాడు. అక్కడ ఫ్యాను తప్ప ఏమీ లేదు. అప్పయమ్మ మెడ వెనక చెయ్యి పెట్టుకుని రుద్దుకుంది.

“పన్నెండేళ్లు,” అంది చివరికి. “ఈ మాట ఈయన ఒక్కనాడు అడగలేదు.”

పోలయ్య లేచాడు. మధ్యరకం బండి తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అద్దం సర్దాడు. హారన్ కొట్టాడు. చిన్న బండి అయినా హారన్ పెద్దగానే మోగింది. అది అతనికి కొంచెం ఊరటనిచ్చినట్టుంది.

“సంతకం ఎక్కడెట్టాల?” అన్నాడు.

అప్పుడు సురేశ్ ఫోను జేబులో పెట్టి కాగితాలు పట్టుకొచ్చాడు. వెళ్లేటప్పుడు పోలయ్య అనిల్‌కుమార్ చెయ్యి పట్టుకున్నాడు. “ఇన్ని షోరూములు తిరిగాను. నిజం చెప్పినోడివి నువ్వొక్కడివే.” అప్పయమ్మ అతని భుజం తట్టి, మొగుడి కన్నా ముందు వెళ్లి కొత్త బండెక్కి కూర్చుంది.

అద్దాల తలుపు తెరుచుకుంది. రాజశ్రీ తిన్నగా తన వైపే వస్తుంటే అనిల్‌కుమార్ చొక్కా సర్దుకుని నిలబడ్డాడు. ఇంత జరిగాక ఒక మంచి మాటైనా అనకపోతుందా అనుకున్నాడు.

ఆమె అంది కూడా. “చాలా బాగా చెప్పారు.”

అతను సిగ్గుగా టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

“సర్‌జీ, వాళ్లది గంటన్నరలో తేల్చేశారు కదా, ఇప్పుడైనా చెప్పండి, మీ పెద్ద బండి మాకిచ్చేసి ఈ మధ్యరకం బండి మీరు కొంటారా, కొనరా?”