నిలబడిన లారీ తాగిన డీజిల్

నవంబర్ 14, శుక్రవారం. డీజిల్ దొంగిలిస్తున్నాడని డ్రైవర్ మద్దిలేటిని నిన్న పనిలోంచి తీసేసిన నాయన, ఈరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని తానే లారీ నడిపాడు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ చేరేసరికి డీజిల్ ఎప్పటిలాగే ఎక్కువ తగ్గింది.

"ట్యాంకు యాడో కారతాంది" అంటూ నాయన మెకానిక్ దగ్గర ఆపాడు. లారీ నిలబడినా ఇంజన్ హోరు తగ్గలేదు. మీటర్ల దగ్గర పసుపు లైటు వెలుగుతోంది. నాయన అలవాటుగా తాళం తిప్పబోయాడు.

"ఆపొద్దన్నా!" అని మెకానిక్ అరిచాడు. "ఆ పసుపు లైటు దానికే. సైలెన్సర్‌లో మసి కాల్చనీకి ఇంజనే డీజిల్ ఎక్కువ పోసుకొని వేడి చేస్తాంది. సగంలో ఆపితే మళ్లా మొదట్నుంచి తాగుతాది."

నాయన అనుమానంగా చూశాడు. "మద్దిలేటి నీకేమన్నా చుట్టమా?"

"ఆ పేరే వినలేదన్నా. ఇంత తాగుతాందంటే రోజూ ఎవరో సగంలో ఆపుతాండారు. ఎవరది?"

రోజూ లారీ ఇంటి ముందుకు రాగానే "ఊరికే తాగుతాంది" అంటూ, మద్దిలేటి వద్దంటున్నా ఇంజన్ ఆపేది నాయనే. ఆ వద్దనడమే మాకు, తీసిన డీజిల్ లెక్క కప్పిపుచ్చే దొంగ మాటలా వినిపించింది.

రేపు పొద్దున్నే ఇద్దరం ఉయ్యాలవాడలో మద్దిలేటి ఇంటికి పోతాము. ముందు ఏమని మొదలుపెట్టాలో నాయన నన్ను అడుగుతున్నాడు.