కరివేపాకు పొడి దొంగ

దొంగ వెంకట్రాజమే. ఆ విషయంలో సారంగపాణికి ఆవగింజంత అనుమానం లేదు. సాక్ష్యమే దొరకడం లేదు.

పోయేది బంగారమైతే పోలీసులకైనా చెప్పుకోవచ్చు. పోతున్నది కరివేపాకు పొడి! హన్మకొండలోని ఆ కాలేజీలో ఎనభయ్యో సంవత్సరం నుంచి సారంగపాణి చేస్తున్న పరిశోధనంతా దాని మీదే. కరివేపాకు క్యాన్సర్‌ను అడ్డుకుంటుందని తేలితే అతను డాక్టర్ సారంగపాణి అవుతాడు. అందుకోసం ములుగు నుంచి బస్సులో ఆకు మూటలు మోసుకొచ్చి, నీడన ఎండబెట్టి, తన చేత్తో దంచి డబ్బాకెత్తేవాడు. నెలకు సరిపోవాల్సిన డబ్బా పదిహేను రోజులకే అడుగంటుతోంది. "పొడి అయిపోయింది సారూ" అని చిలుకమ్మ ఖాళీ డబ్బా తెచ్చి ముందు పెట్టేది. ప్రయోగం ఎలుకలకు మేత పెట్టే చిలుకమ్మను అనుమానించడానికి వీల్లేదు. పదేళ్ల నౌకరీలో చిటికెడు ఉప్పు కూడా ఇంటికి పట్టుకుపోయి ఎరగదు.

దొంగ సంగతి అలా ఉంటే, ఎలుకలు కూడా పగబట్టాయి. ఇరవై నాలుగు తెల్ల ఎలుకలకు గడ్డలు లేచే మందు ఎక్కించాడు. పై అరలో ఉన్న పన్నెండింటికి నానిన శనగల మీద పొడి చల్లి పెట్టాలి. కింది అరలో ఉన్న పన్నెండింటికి ఉత్త శనగలే. మూడు నెలల తర్వాత చూస్తే, పైనా కిందా శనగగింజంతేసి గడ్డలు. ఒక్కటే కొలత!

"అంటే, పొడి తిన్నా తినకున్నా ఒకటేనన్నమాట" అన్నాడు గైడు, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "సోమవారం దాకా చూస్త. అప్పటికి తేడా కనబడకుంటే ఈ పని బంద్. నీ సీటు వెంకట్రాజానికిస్త."

మూడేళ్ల కష్టం, కూరలో కరివేపాకులా తీసిపారేస్తాడన్నమాట. సారంగపాణికి ఏడుపొక్కటే తక్కువ.

సీటు ఎవరికి దక్కుతుందో తెలిశాక ఇంకా అనుమానమేమిటి? పైగా పక్క గదిలో ఉండే ఆ వెంకట్రాజం రోజూ ఇడ్లీలు తెచ్చుకుంటాడు, చట్నీ మాత్రం తెచ్చుకోడు. మరి ఆ ఇడ్లీలు దేంతో తింటున్నట్టు?

శుక్రవారం సాయంత్రం చౌరస్తాలోని మిఠాయి దుకాణంలో సారంగపాణి నీలం రంగు కొని, పొడిలో కలిపేశాడు. పొడిగా ఉన్నంతసేపు కనిపించదు. తడి తగిలిందా, నాలుక నీలమైపోతుంది. పిల్లల మిఠాయిల్లో వేసేదే కాబట్టి ఎలుకలకు ఫికర్ లేదు.

మర్నాడు టిఫిన్ వేళకు వెంకట్రాజం ఉండే గదిలోకి దూరాడు.

"ఊళ్లె కామెర్లు తిరుగుతున్నయట. జర నాలుక బయట పెట్టు."

"నీకేమన్న పిచ్చి లేసిందా ఏందే?" అంటూనే పెట్టాడు వెంకట్రాజం. ఇడ్లీలోకి నంజుకున్న ఎర్రకారంతో నాలుక నిగనిగలాడుతోంది. నీలం చుక్క లేదు.

వాచ్‌మన్ హైదర్ నాలుక చాయ్ రంగులో ఉంది. తెగించి గైడునే అడిగేశాడు. తిట్లు పడ్డాయి గానీ, తిట్టేటప్పుడు నాలుక బాగానే కనిపించింది. దాని మీదా ఏమీ లేదు.

సారంగపాణి కుర్చీలో కూలబడ్డాడు. దొంగ దొరకలేదు, సోమవారం మాత్రం వచ్చేస్తోంది. అంతలో చిలుకమ్మ ఉరికొచ్చింది.

"సారూ, జల్ది రాండ్రి! ఎలుకలకు ఏందో రోగమొచ్చింది. మూతులన్ని నీలంగైనయి!"

అంత బాధలోనూ నవ్వొచ్చింది. ఆమెకు రంగు సంగతి చెప్పడం మరిచేపోయాడు. వెళ్లి చూస్తే నిజమే, పై అరలో పన్నెండు తెల్ల ఎలుకలూ నీలం మూతులతో మీసాలు దువ్వుకుంటున్నాయి.

"ఏం కాదు చిలుకమ్మా, అది ఉత్త రంగే" అంటూ వంగి కింది అరలోకి చూశాడు.

అక్కడా పన్నెండు నీలం మూతులు!

"వీటికి... వీటికి పొడి ఎవరేసిండ్రు?" అని అడిగాడు.

"నేను గాక ఇంకెవరేస్తరు?" అంది చిలుకమ్మ, ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఒక్క బంతిల కూసున్నోళ్లకు, కొందరికేసి కొందరికెయ్యకుంటే పాపం తాకదా సారూ? మొదటి దినం సంది అందరికి సమంగనే ఏస్తాన!"