సున్నాలూ కూడిక గుర్తులూ

తాళం వేసి వెళ్ళిన తన గదిలో ఖాకీ టోపీ మనిషి ఒకడు మంచం మీద కూర్చొని తన నోటుపుస్తకం తిరగేస్తుంటే, లక్ష్మీనారాయణ తాళంచెవి పట్టుకొని గుమ్మంలోనే నిలబడ్డాడు.

“సీఐడీ. వెంకటగిరియప్ప,” అన్నాడా మనిషి లేవకుండానే. “ఇట్లా రా. ఈ పుస్తకం నీదేనా?”

“నాదే సామీ.”

“పనేమి?”

“కంటోన్మెంటు హోటల్లో పియానో వాయిస్తా. దొరలు డ్యాన్సు చేస్తారు.”

“పొద్దంతా దొరల మధ్య తిరిగి, ఇంటికొచ్చి ఇవి రాస్తావు.” పేజీ మీద వేలు పెట్టాడు. ఒక సి. పక్కన ఇంకో సి, దానికి జల్లెడలాంటి గీతలు, పైన చిన్న సున్నా. తర్వాత డి. కింది వరసలో జి, కూడిక గుర్తు తగిలించిన జి, మళ్ళీ సి. పుస్తకం నిండా ఇవే. “సి అంటే కంటోన్మెంటు. డి అంటే డిపో. జి అంటే గన్ను. సున్నా పెట్టినచోట ఏం పేలతాది? కూడిక పెట్టినచోట ఎంతమంది చేరతారు?”

నలభైరెండు ఆగస్టు నుంచి ఊరు ఉడుకుతోంది. టెలిగ్రాఫు తీగలు తెంచినవాళ్ళనే కాదు, దారిలో ఊరకే నిలబడినవాళ్ళను కూడా పట్టుకుపోతున్నారు. నగర్తపేట మేడగదిలో ఒంటరిగా బతికే లక్ష్మీనారాయణను జైల్లో వేస్తే విడిపించను వచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

“సంగీతం సామీ! కార్డులు. మూడు స్వరాలు ఒకేసారి నొక్కితే కార్డు అంటారు.”

“నువ్వు చెప్తే నమ్మి పోవల్లా?”

అప్పుడే మెట్లెక్కి వచ్చిన చిన్నప్ప గుమ్మంలో ఆగిపోయాడు. అదే హోటలు బ్యాండులో గిటారు వాయిస్తాడు. పాటలో ఒక కార్డు నుంచి ఇంకోదానికి అంత ఒడుపుగా జారడం నేర్పమని మూడేళ్ళుగా లక్ష్మీనారాయణ వెంటపడుతున్నాడు. ఆయన చెప్పడు. ఆయనకూ ఎవరూ చెప్పలేదు. తలుపుల చాటున విని పట్టుకున్నవే అన్నీ. అందుకే హోటల్లో పియానోను అడ్డంగా తిప్పించి, తన వేళ్ళు ఎవరికీ కనపడకుండా కూర్చుంటాడు. ఆ పుస్తకమే ఆయన తిండి.

“నువ్వెవరప్పా?” వెంకటగిరియప్ప గద్దించాడు.

“చిన్నప్ప సార్. రిహార్సలుకు అయ్యవారిని పిలుచుకపోను వచ్చినా.”

“ఈ గుర్తులు నీకు గొత్తా, చదవగలవా?”

“లేదు సార్. అయ్యవారు చూడనిస్తే గదా.”

“బ్యాండువానికే చూపీకుండా దాచినాడంటే, ఇది సంగీతం ఎట్లయితాది?” గడియారం తీసి చూశాడు. “ఒక గంట. ఆ హార్మోనియం ముందర కూర్చొని వీనికి చెప్పు. వీడు ఈ పేజీలు చూసి తప్పు లేకుండా వాయిస్తే సంగీతమే. లేదంటే స్టేషనుకు నడువు.”

మూడేళ్ళు దాచినది ఈ గంటలో వాడి తలకెక్కకపోతే తన చేతికి సంకెళ్ళు. లక్ష్మీనారాయణ హార్మోనియం ముందుకు లాగాడు.

“చూడప్పా. సి, ఇ, జి. నేల మీద నిలబడినట్టు ఉండాది కదా? ఇప్పుడు సి ఒక్కటి అరస్వరం పైకి జరుపు, ఆ జల్లెడ గీతలకు అర్థం అదే. తక్కినవి కదిలించొద్దు.”

గదిలో ఊపిరి బిగబట్టినట్టున్న ధ్వని లేచింది.

“ఇది డిమినిష్డు. సున్నా అంటే ఇదే. దీని మీద నిలబడలేవు, ఎటైనా పోవల్ల. డి కార్డుకు పో.”

బిగిసిన ఊపిరి వదిలినట్టయింది.

“మరి కూడిక, అయ్యవారూ?”

“జి, బి, డి. ఇందులో డి ని అరస్వరం పైకి లాగు. ఆగ్‌మెంటెడు. తీగ లాగి పట్టినట్టు ఉంటాది. ఆ లాగిన డి పోయి ఇ మీద పడి సి కార్డులో కలుస్తాది. జి నుంచి సి కి ఊరకే దూకచ్చు. కానీ ఇట్లా పోతే, వినేవాడు ఆ సి కోసం కాచుకొని ఉంటాడు.”

చిన్నప్ప వాయించాడు. అపస్వరం.

“ఇంక ముప్పై నిమిషాలే ఉండాయి,” అన్నాడు వెంకటగిరియప్ప.

“దున్నపోతా! అన్నీ జరుపుతావేమి? ఒక్కటే!”

“కోప్పడొద్దండి. ఏ వేలు పెట్టల్ల? ఏ పాటలో ఎక్కడ పెట్టల్ల?”

లక్ష్మీనారాయణ వాడి వేళ్ళు పట్టుకొని హార్మోనియం మెట్ల మీద పెట్టాడు. రెండు కార్డుల నడుమ నల్లమెట్టు ఖాళీగా ఉంటే అక్కడ సున్నా, పాట ఇంటికి చేరబోయే ముందు కూడిక. ఎవరికీ చెప్పనివన్నీ గబగబా చెప్పేశాడు. నాలుగోసారి చిన్నప్ప పేజీ మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా వాయించాడు. తర్వాతి పేజీ కూడా.

వెంకటగిరియప్ప పుస్తకం మంచం మీద పారేశాడు. “సంగీతమే. బతికిపోయినావు పో.”

ఆయన బూట్ల చప్పుడు వీధిలో కలిసిపోయింది. తర్వాత లక్ష్మీనారాయణ చిన్నప్ప చేతులు పట్టుకొని ఏడ్చాడు. “ప్రాణం నిలబెట్టినావు నాయనా.”

“ఊరుకోండి అయ్యవారూ.”

“ఈ పొద్దు ఈయన. రేపు ఇంకొకడు వస్తాడు. ఇది ఇంట్లో ఉంటే నాకు ఉరే.” పుస్తకాన్ని గచ్చు మీద పడేసి, కిరసనాయిలు గుమ్మరించి, అగ్గిపుల్ల గీశాడు.

చిన్నప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. “వద్దండి! ఇంకా నలభై పేజీలు ఉండాయి!”

“ఉంటే ఉండనీ. పోలీసుల కంట పడినాక వేదమైనా కాల్చల్ల.”

పుల్లను పుస్తకం మీదికి వదలబోయాడు. చిన్నప్ప ముందుకు దూకి ఆ మంటను ఒట్టి అరచేత్తో నలిపేశాడు.

“ఆయన పోలీసు కాదు అయ్యవారూ, మా మేనమామ, తాళం తీసి కూర్చోబెట్టింది నేనే.”