బాణం గీసిన రాయి

గుహ దగ్గర అన్నపూర్ణ దుకాణంలో ఒకాయన తెల్లటి రాయి ముక్కను భార్యకు చూపిస్తున్నాడు. యూనివర్సిటీ నుంచి వచ్చిన డాక్టర్ సిల్వియా దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుంది.

“ఇదేమిటో తెలుసా మీకు? గుహలో వేల ఏళ్లు చుక్కచుక్కగా నీళ్లు కారితే పేరుకున్న రాయి. కొండ మీది మట్టిలోంచి కంటికి కనబడని ఇనుప రేణువులు ఆ నీళ్లతో దిగి, పొరపొరలోనూ చిక్కుకుంటాయి. ఎప్పుడు వానలు దంచాయో, ఎప్పుడు అడవి తగలబడిందో వాటి అయస్కాంత గుణాన్ని బట్టే చెప్పగలం. మీరేమో దీన్ని టీవీ పక్కన పెట్టుకుంటారు.”

ఆయన ముఖం మాడ్చుకుని భార్యతో వెళ్లిపోయాడు.

సిల్వియా అన్నపూర్ణ వైపు తిరిగింది. “విరగ్గొట్టి తెచ్చేవాళ్లకి బుద్ధి లేదు, కొని అమ్మడానికి నీకు సిగ్గు లేదు. మట్టిబుర్రలు.”

అన్నపూర్ణ చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, బల్ల కింద నుంచి గోనెలో చుట్టిన మూరెడు రాయి తీసింది.

“పోయినసారి ఏ కొస పైదో తెలీట్లేదని తిట్టేరు కదా మేడమ్. ఈపాలి కొట్టకముందే పైకి బాణం గీయించేను. సూసుకోండి.”

సిల్వియా ఆ ఎర్రరంగు బాణాన్ని వేలితో తడిమింది.

“ఉత్తరం ఎటో గీయించలేదేం?”

“అది మీరు సెప్పలేదు మేడమ్.”

“ఆమాత్రం తెలియదా? ఉత్తరం తెలియకుండా రేణువులు ఎటు తిరిగి ఉన్నాయో ఎలా చెప్పను? ఇది నాకు పనికిరాదు. ఇంకోటి కొట్టించు.”